నాలుగణాల సభ్యత్వం

మన విద్యార్థులకు ఈ మధ్య ఒక రకమైన ఉత్తరాలు వస్తున్నాయి. "మీరు మీ విశ్వవిద్యాలయంలో అగ్రశ్రేణికి చెందినవారు. మిమ్మల్ని మా ఆనర్ సొసైటీలో సభ్యులుగా చేర్చుకోవటానికి సంతోషిస్తున్నాము" అని వాటిలో ఉంటుంది. చివర సభ్యత్వ రుసుం ఎంతో, అది ఏ తేదీలోగా చెల్లించాలో ఉంటుంది. ఆనర్ సొసైటీ అంటే మార్కుల్లో ముందున్నవారిని ఏరి, ఒక పత్రమూ ఒక చిహ్నమూ ఇచ్చి, "మీరు మిగతావారి వంటి వారు కారు" అని ప్రకటించే సంఘం. విశ్వవిద్యాలయంలో ఉండే దాని శాఖను చాప్టర్ అంటారు. ఈ పద్ధతికి పుట్టినిల్లు అమెరికా. పరాయి దేశంలో పుట్టింది కనుక చెడ్డదని నేననను. రైలూ, అచ్చుయంత్రమూ, మార్క్సిజమూ కూడా మనకు బయటినుంచి వచ్చినవే. అయితే వచ్చిన ప్రతి వస్తువునూ, అది ఎవరి అవసరం కోసం పుట్టింది, ఇక్కడ ఎవరి అవసరం తీరుస్తుంది అని అడిగి తీసుకోవటం విద్యావంతుల విధి. ఆ విధిని మనం ఈ విషయంలో నెరవేర్చటం లేదు.

నాకు ఈ ప్రశ్న పుస్తకంలో ఎదురుకాలేదు. నిరుడు, మా కళాశాలలో డిగ్రీ చదివి పై చదువుకు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి వెళ్లిన ఒక విద్యార్థిని ఇటువంటి ఉత్తరాన్నే ఫోనులో చూపించింది. ఆమె తండ్రి పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో కాంట్రాక్టు కార్మికుడు. రుసుం మన డబ్బుల్లో ఏడువేల పైచిలుకు. ఆయన పదిహేను రోజులు డ్యూటీ చేస్తే గాని చేతికి రాని సొమ్ము. "కట్టమంటారా సార్?" అని అడిగింది. నేను నవ్వాను. డబ్బిచ్చి కొనుక్కునే గౌరవం గౌరవమేనా అన్నాను. బూర్జువా సమాజం ప్రతిభను కూడా సరుకుగా మారుస్తుందని పది నిమిషాలు ఉపన్యసించాను. ఆమె ఓపికగా విని ఒక్క మాట అడిగింది: "మీ ఇంట్ల గోడకు బంగారు పతకం ఉన్నది కద సార్. దాన్ని తీసెయ్యుమని మీకెవ్వరన్న చెప్పిండ్రా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎం.ఏ. తెలుగులో నాకు వచ్చిన పతకం అది. మా అమ్మ దానికి అద్దాల పెట్టె కట్టించింది. ఇంటికి వచ్చిన ప్రతివాడి చూపూ దానిమీద పడేటట్టు కుర్చీ వేస్తాను. అది ఉన్నంతకాలం, ఇంటిలో మొట్టమొదటిసారిగా విశ్వవిద్యాలయం మెట్లెక్కిన ఒక కార్మికుని కూతురికి "గౌరవం మీద ఆశ పడకు" అని చెప్పే హక్కు నాకు లేదు. కనుక ఈ వ్యాసంలో నేను ఆమెను విమర్శించటం లేదు. ఆమె ఆశను చూపి రుసుం వసూలు చేసే ఏర్పాటును విమర్శిస్తున్నాను. ఆ ఏర్పాటుకు ప్రత్యామ్నాయం చూపకుండా వెక్కిరించి ఊరుకునే నా వంటి అధ్యాపకులను కూడా విమర్శిస్తున్నాను.

ముందుగా ఈ సంఘాల చరిత్ర చూద్దాం. వీటన్నిటిలోకీ పెద్దది ఫై బీటా కప్పా. 1776 డిసెంబరు 5న వర్జీనియాలో, విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు దాన్ని స్థాపించారు. ఆ మూడు గ్రీకు అక్షరాలకు "జ్ఞానప్రేమే జీవితానికి దారి" అని అర్థం చెబుతారు. అర్థం గొప్పదే. కాని జ్ఞానప్రేమ గల ఆ యువకులు మొదట చేసిన పని ప్రమాణాలూ, రహస్య సంకేతాలూ, రహస్య కరచాలనమూ ఏర్పాటు చేసుకోవటం. జ్ఞానం దాచుకోవలసిన వస్తువయింది. హార్వర్డు శాఖ 1831లో గాని ఆ రహస్యాన్ని వదులుకోలేదు. అది కూడా రహస్య సంఘాల మీద దేశమంతటా జనాగ్రహం రేగిన తరువాతనే. తలుపు తీసిన ఆరేళ్లకు, 1837లో, అదే హార్వర్డు శాఖ సభలో ఎమర్సన్ "అమెరికన్ విద్వాంసుడు" అనే ఉపన్యాసమిచ్చాడు. ఐరోపా పుస్తకాల నీడలోంచి బయటపడి సొంత బుద్ధితో ఆలోచించమని తన దేశపు చదువరులకు చెప్పిన ఉపన్యాసమది. ఆ సంఘం పుట్టిన తరువాత లోకానికి మిగిల్చిన మంచి మాట ఏదైనా ఉంటే, అది రహస్యాన్ని విడిచిన తరువాత చెప్పిందే.

తక్కిన చరిత్ర కూడా ఇదే చెబుతుంది. స్త్రీలను సభ్యులుగా తీసుకోవటానికి ఆ సంఘానికి 99 సంవత్సరాలు పట్టింది. 1875లో వెర్మాంటు శాఖ ఆ పని చేసింది. నీగ్రో జాతి విద్యార్థుల కోసం ఏర్పడిన హోవర్డు, ఫిస్క్ విశ్వవిద్యాలయాలకు శాఖలు దక్కింది 1953లో. అంతవరకూ ఆ కళాశాలల్లో ప్రతిభ లేదా? ఉన్నది. కొలిచేవాడి కళ్లు అటు తిరగలేదు. అందుకే ఆ కళాశాలలవారు 1937లో ఆల్ఫా కప్పా మ్యూ అనే సంఘాన్ని తామే పెట్టుకోవలసి వచ్చింది. ఆనర్ సొసైటీ ప్రతిభను కనిపెడుతుందని అంటారు. నిజానికి అది సమాజం అప్పటికే ఎవరిని పైన కూర్చోబెట్టిందో వారికి రెండవ కుర్చీ వేస్తుంది. కింద ఉన్నవాళ్లు పోట్లాడి తలుపు తెరిపించుకున్నాక, తానే తెరిచినట్టు చెప్పుకుంటుంది.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. ఇటువంటి సంఘాలన్నీ ఒక్కటి కావు. ఊరూ పేరూ లేని దుకాణాలు పుట్టుకొస్తుంటే, వాటినుంచి వేరుపరచుకోవటానికి అమెరికాలోని నిలకడైన సంఘాలు 1925లోనే ఒక సమాఖ్యగా ఏర్పడి ప్రమాణాలు పెట్టుకున్నాయి. వాణిజ్య విద్యలో బీటా గామా సిగ్మా అనే సంఘం 1913 నుంచీ ఉన్నది. అమెరికాలోని ఒక సంస్థ గుర్తింపు పొందిన పాఠశాలలకే అది శాఖ ఇస్తుంది. ఆ గుర్తింపు 2011లోనే హైదరాబాదు గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు వచ్చింది. అంటే ఇది ఎక్కడో జరుగుతున్న ముచ్చట కాదు, మన గుమ్మంలోకి వచ్చిన విషయం. అయితే నా ఆక్షేపణ దొంగ సంఘాల మీద మాత్రమే అయితే వ్యాసం ఇక్కడే ముగించవచ్చును. నా ఆక్షేపణ నిజాయితీ గల సంఘం మీద కూడా.

ఎందుకంటే తప్పు లెక్కలోనే ఉన్నది. తరగతిలో మొదటి పదోవంతును ఎంచుకుంటామంటారు. తరగతి మొత్తం అద్భుతంగా చదివినా మొదటి పదోవంతు పదోవంతే. తరగతి మొత్తం ఏమీ చదవకపోయినా మొదటి పదోవంతు ఉండనే ఉంటుంది. కనుక ఈ గౌరవం చదువుకు ఇచ్చేది కాదు, తొమ్మిదిమంది వెనకబడటానికి ఇచ్చేది. నా పక్కవాడికి నేను వ్యాకరణం నేర్పితే నా స్థానం కిందికి జారే ప్రమాదం ఉన్నది. నేర్పకపోతే నా గౌరవం భద్రం. జ్ఞానాన్ని పంచినకొద్దీ పెరిగే ధనమని మన పెద్దలు చిన్ననాటినుంచీ చెబుతూ వచ్చారు. పంచితే తరిగిపోయే ధనంగా దాన్ని మార్చిన ఘనత ఈ పదోవంతు లెక్కది.

మన సాహిత్య చరిత్రకు ఇది కొత్త కాదు. పెద్దనకు రాయలు గండపెండేరం తొడిగాడని, శ్రీనాథునికి కనకాభిషేకం జరిగిందని పాఠం చెప్పేటప్పుడు మా గొంతులు ఇప్పటికీ కొంచెం పెద్దవవుతాయి. గండపెండేరం కాలికి వేసేదని, కాలికి వేసినది ఎంత బంగారమైనా కాలిని కట్టేసే లక్షణం కలదని మేం పిల్లలకు చెప్పం. అదే శ్రీనాథుడు చివరిరోజుల్లో గుత్తకు తీసుకున్న భూమి పన్ను కట్టలేక అవమానాలు పడ్డాడని చాటువులు చెబుతున్నాయి. బంగారం పోసినవారు పన్ను మాఫీ చెయ్యలేదు. సన్మానం చేసేవాడు సన్మానం పొందేవాడి బతుకుకు బాధ్యత వహించడు. రాజు పోయి విశ్వవిద్యాలయం వచ్చినా, గండపెండేరం పోయి గ్రీకు అక్షరాల బిళ్ల వచ్చినా, ఈ నియమం మారలేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబయి రోడ్డు మీద బస్సులో కూర్చుంటే గంటలోపల దేశంలోని గొప్ప చదువు సగం కిటికీలోంచి కనపడుతుంది. 1972లో పుట్టిన ఇక్రిశాట్ ఉన్నది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద ప్రపంచానికి పనికివచ్చే పరిశోధన అక్కడ జరిగింది. రుద్రారంలో 2009 నుంచి గీతం ఉన్నది. 2008లో మొదలైన ఐఐటీ ఇప్పుడు కందిలో ఉన్నది. ఇదే రోడ్డుకు అటూ ఇటూ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి పారిశ్రామిక వాడలు ఉన్నాయి. ఒకే బస్సులో ల్యాప్‌టాప్ సంచీ వేసుకున్న కుర్రవాడూ, టిఫిన్ డబ్బా పట్టుకున్న బీహారీ కార్మికుడూ పక్కపక్కనే నిలబడి వస్తారు. ఒకరి స్టాపు దగ్గర గేటుకు కాపలావాళ్లు సలాము చేస్తారు. మరొకరి స్టాపు దగ్గర జేబులు వెతుకుతారు.

ఈ రెండు లోకాలనూ కలిపేది ఒక్క నీరే. కర్మాగారాల వ్యర్థజలాలు నక్కవాగులో కలిశాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ వచ్చిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల బాధలోనే ఈ నీటి చరిత్రను చదివి, దశాబ్దాల తరబడి కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగారు. 2007లో స్వీడన్‌కు చెందిన పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరే కేంద్రమది. శుద్ధి అయి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. ఆ మందు మింగిన రోగి నెత్తురులో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఆ పరిశోధన తరువాతనే ప్రపంచమంతటా మందుల కర్మాగారాల నీళ్లకూ, మందులకు లొంగని సూక్ష్మక్రిములకూ ఉన్న సంబంధం మీద చర్చ ముమ్మరమయింది.

నా ప్రశ్న ఇది. ఆ వాగును మా విద్యార్థులు రోజూ బస్సులోంచి చూస్తారు. దాని వాసనకు ముక్కు మూసుకుంటారు. రసాయనశాస్త్రంలో వారికి తొంభైకి పైగా మార్కులు వస్తాయి. ఆ నీటిలో ఏమున్నదో వారిలో ఎంతమందికి తెలుసు? ఆ పరిశోధన సారాంశాన్ని ఇస్నాపూరు కార్మికునికి తెలుగులోనో హిందీలోనో చదివి చెప్పగలిగినవారు ఎందరు? చదివి చెప్పినవారికి ఏ ఆనర్ సొసైటీ బిళ్ల ఇచ్చింది? ఇవ్వదు. ఎందుకంటే దాని పట్టికలో మార్కులకు గడి ఉన్నది గాని నక్కవాగుకు గడి లేదు. ఇక్కడ చదువుకు గౌరవం రావలసిన చోటు వాగు ఒడ్డు. అక్కడికి వెళ్లేవాడికి గౌరవం రాదు, కేసులు వస్తాయి.

ఇంకొక జాబితా సంగతి కూడా చెప్పక తప్పదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలిపోయింది. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. గుర్తుపట్టటానికి వీలులేని శరీరాలకు డీఎన్ఏ పరీక్షలు చేసి పేర్లు చేర్చవలసి వచ్చింది. మా విద్యార్థిని తండ్రి ఆ రోజు వేరే వాడలో డ్యూటీలో ఉన్నాడు. ఆయన ఫోను కలిసేవరకూ ఆ పిల్ల రోడ్డు మీదనే నిలబడి ఉన్నది. మనుషుల పేర్లు జాబితాలకెక్కే పద్ధతులు మన జిల్లాలో ఇట్లా రెండున్నాయి. మొదటి జాబితాలోకి ఎక్కినవారికి రెండవ జాబితాతో ఏ బాధ్యతా లేదని చెప్పే చదువు, ఎన్ని గ్రీకు అక్షరాలు తగిలించుకున్నా, అప్రతిష్ఠ పాలైన చదువే.

మరి చదువుకున్నవారు సంఘంగా ఏర్పడటానికి మనకు వేరే మాదిరి లేదా? ఉన్నది. అది ఈ జిల్లాలోనే ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగింది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో ఈలలు వేశారు, గేలి చేశారు. ఆ అవమానం సహించలేక కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘం పెట్టారు. అది పెరిగి పెద్దదై, 1930లో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభగా జోగిపేటలో సమావేశమయింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగింది. జోగిపేట ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోనిదే. మా విద్యార్థుల్లో ఆ ఊరినుంచి వచ్చేవారికి కూడా ఈ సంగతి తెలియదు. ఫై బీటా కప్పా అంటే ఏమిటో మాత్రం ఫోను చెప్పింది.

ఈ రెండు సంఘాలకూ ఉన్న తేడా గమనించండి. అమెరికా విద్యార్థుల సంఘం సన్మానం కోసం పుట్టింది, మనది అవమానంలోంచి పుట్టింది. అది రహస్య సంకేతాలతో మొదలయితే, ఇది గ్రంథాలయాలతో, ఊరూరా సభలతో మొదలయింది. మహాసభ కూడా మొదట పెద్దమనుషుల సంఘమే. విన్నపాలూ తీర్మానాలే దాని పని. కాని 1940లలో అది వామపక్షం చేతికి వచ్చినప్పుడు సభ్యత్వ రుసుం రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గింది. ఆ నాలుగణాలతో పాలేర్లూ, కౌలుదార్లూ, వెట్టివాళ్లూ లోపలికి వచ్చారు. పెద్దమనుషులు కొందరు బయటికి వెళ్లిపోయారు. ఊళ్లలో దాన్ని "సంఘం" అని మాత్రమే పిలవటం మొదలయింది. రుసుం సంగతి చిన్న విషయం కాదు. ఏ సంఘమైనా తన రుసుంతోనే తాను ఎవరిదో చెప్పుకుంటుంది.

పుస్తకాల సంగతి కూడా ఇట్లాంటిదే. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావూ ఆయన మిత్రులూ విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. వారు గొప్ప పండితులు. ఒకరికొకరు పతకాలిచ్చుకుని కూర్చోవచ్చును. అట్లా చెయ్యక చరిత్రనూ, ప్రకృతిశాస్త్రాలనూ ఇంగ్లీషు రానివాడికి అందేటట్టు తెలుగు పుస్తకాలు వేశారు. విద్వాంసుల సంఘం అంటే నాకు తెలిసిన అర్థం అది. తాము నేర్చినదాన్ని తమ దగ్గర ఉంచుకోలేనివారి సంఘం.

నా వాదానికి రెండువైపులనుంచీ ఆక్షేపణలు వస్తాయని ఎరుగుదును. "ఉద్యోగానికీ, విదేశీ చదువుకూ ఆ పత్రం పనికి వస్తుందేమో, పేదపిల్లల నోటికాడి ముద్ద ఎందుకు లాగుతావు?" అని ఒకరు అడుగుతారు. నేను లాగటం లేదు. పత్రం నిజంగా పనికి వచ్చేదయితే ఆ రుసుం విశ్వవిద్యాలయమే కట్టాలని అంటున్నాను. కట్టలేనివాడి ప్రతిభను రద్దు చేసే గౌరవాన్ని తన ఆవరణలోకి రానివ్వటం ఏ విశ్వవిద్యాలయానికీ మర్యాద కాదు. "ఇదంతా సామ్రాజ్యవాద సంస్కృతి, బహిష్కరిస్తే సరి" అని మన మిత్రులు మరికొందరు అంటారు. వారిని ఒక్కటి అడుగుతాను. మన సభల్లో శాలువాలు ఎందుకు కప్పుతున్నాం? జ్ఞాపికలు పట్టుకుని ఫొటోలు ఎందుకు దిగుతున్నాం? సన్మానపత్రం చదివే అరగంటా సభ కదలకుండా కూర్చుంటుంది. చర్చకు వచ్చేసరికి వేళ మించిపోయిందంటారు. గ్రీకు అక్షరాలు లేనంత మాత్రాన మనది ఆనర్ సొసైటీ కాకుండా పోదు. ముందు మన తలుపు దగ్గర రుసుం ఎంత ఉన్నదో చూసుకోవాలి.

ఆ పిల్ల చివరికి రుసుం కట్టింది. తండ్రే అప్పు తెచ్చి కట్టాడు. పత్రం వచ్చాక మళ్లీ మా ఇంటికి వచ్చి చూపించింది. ఈసారి నేను ఉపన్యసించలేదు, చేతుల్లోకి తీసుకుని చదివాను, అభినందించాను. "నాయినకు తెలుగుల చదివి చెప్పుదామని కూసున్న సార్. నా పేరు తప్ప చెప్పెతందుకు ఏం లేదు అండ్ల" అన్నది. ఆమె మాటలో నిరాశ ఉన్నదో లేదో నాకు తెలియదు. నేను అప్పుడు ఆ స్వీడన్ పరిశోధన సంగతి చెప్పాను. ఆమె ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం. వారం తిరగకుండా దాని సారాంశం నాలుగు పేజీల తెలుగులో రాసుకుని వచ్చింది. కొన్నిచోట్ల నేను భాష దిద్దాను, కొన్నిచోట్ల ఆమె నా రసాయనశాస్త్రం దిద్దింది. ఒక ఆదివారం సాయంత్రం ఇస్నాపూరులో వారి ఇంటి ముందు పదిహేనుమంది కూచుంటే చదివి వినిపించింది. బీహారు నుంచి వచ్చిన పక్కింటాయన కోసం మధ్యమధ్య హిందీలో చెప్పింది. తండ్రి చివరిదాకా విని, తాను పనిచేసే చోటి డ్రెయిను గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ ప్రశ్నలకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కనుక రెండవ ఆదివారం కూడా కూచోవలసి వచ్చింది.

ఇట్లాంటివి ప్రతి కళాశాలలోనూ జరగవచ్చు. విద్యార్థి సంఘాలూ, అధ్యాపక మిత్రులూ, ఈ పత్రిక చదివేవారూ కలిస్తే వచ్చే సంవత్సరానికే ఈ రోడ్డు పొడుగునా ఒక సంఘం నిలబెట్టవచ్చు. మార్కుల నిబంధన వద్దు. చేరదలచినవారు తాము చదువుకున్న శాస్త్రంలోంచి ఈ వాడల జీవితానికి సంబంధించిన ఒక్క విషయాన్ని, శ్రమ చేసేవారికి అర్థమయ్యే భాషలో వారి ముందు చదివి, వారి ప్రశ్నలకు నిలబడాలి. అదే ప్రవేశపరీక్ష. పరీక్షకులు వారే. విశ్వవిద్యాలయాల నుంచి మనం అడగవలసింది మూడు. విద్యార్థి గౌరవానికి రుసుం ఉండరాదు. ఈ ప్రాంతపు నీటి మీద, గాలి మీద, కార్మికుల ఆరోగ్యం మీద జరిగిన ప్రతి పరిశోధన సారాంశమూ తెలుగులో, హిందీలో బయటపెట్టాలి. ప్రయోగశాలల తలుపు వారానికి ఒక్కరోజైనా వాడల ప్రజలకు తీయాలి. ఈ మూడింటినీ సాధించేదాకా, మా గోడమీది పతకాన్ని తీసి బీరువాలో పెట్టాను. అమ్మ అడిగితే కారణం చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఆ చర్చ మా ఇంటిలో ఇంకా నడుస్తూనే ఉన్నది. మీ ఇళ్లల్లో, మీ తరగతి గదుల్లో, మీ సంఘాల్లో కూడా నడవాలని కోరుతున్నాను.